పెంచలమ్మ పేరు పక్కన

నా భార్యకు పెళ్ళే కాలేదని మా వదిన రాయి మీద చెక్కించింది. ఇది ఎవరో చెప్పిన మాట కాదు. రాయిని నేను చూశాను. అక్షరాలు నేను చదివాను. ఊరి బడిలో చదివినవాడికి కూడా ఆ మాత్రం చదవడం వస్తుంది.

పెంచలమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం లోపల సమాధికి ఒక రాయి పెట్టాలనుకున్నాను. మాది ప్రొద్దుటూరు. ఊరి బయట మాకు కొంచెం చేను ఉంది, ఆమెను అక్కడే పెట్టాము. నాపరాయి కోసం బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. అక్కడ చాంద్ బాషా అని ఒకతను రేకుల పందిరి వేసుకుని సమాధి రాళ్ళు చెక్కుతాడు. నన్ను చూసి ఉలి పక్కన పెట్టాడు.

"రా మామా, నీడకు రా. ఏం రాయి?"

"సమాధికి."

"ఎవురికి?"

"నా భార్యకు."

"పేరు చెప్పు మామా. ముందు సుద్దతో రాసి చూపిస్తా. కొట్టినాక తప్పు పడిందంటే నేనేం చేయలేను."

నేను పేరు చెప్పలేదు. అతని వెనక గోడకు ఆనించిన పెద్ద పలక మీద ఆ పేరు అప్పటికే ఉంది.

పలక మనిషి ఎత్తున ఉంది. పైన చౌడమ్మ బొమ్మ. కింద ఒక మూలపురుషుడి పేరు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఇద్దరి కింద గీతలు చెట్టువేర్ల మాదిరి దిగి, కొడుకులు, మనవళ్ళు, వాళ్ళ పిల్లలుగా విడిపోయాయి. మూడోవాడి కింద గీత దిగలేదు. ఆడపిల్లల పేర్లు కూడా ఉన్నాయి. ప్రతి ఆడపిల్ల పేరు పక్కన భర్త పేరు, ఆయన ఊరు. కింది వరసలో మా వదిన భారతమ్మ. పక్కన ఎప్పుడో చనిపోయిన ఆమె భర్త పేరు, ఊరు వేముల. ఆ తర్వాత ఆమె చెల్లెలు, నా భార్య, పెంచలమ్మ. పక్కన నున్నటి రాయి.

"ఇది ఎవురు చేయించినారు?" అని అడిగాను.

"పులివెందుల నుంచి ఒక పెద్దమ్మ వస్తాదిలే. భారతమ్మ అని. బస్సులో వస్తాది, సద్ది తెచ్చుకుంటాది, ఈ రాయి ముందర కూర్చొని తింటాది. అక్షరం అక్షరం వేలు పెట్టి తడిమి చూస్తాది. నా పెండ్లాం జైనబ్ అయితే ఆమె వచ్చిందంటే లోపలికి పోతాది."

"ఎందుకు?"

"మీ అవ్వ పేరేంది, మీ అవ్వకు అవ్వ పేరేంది అంటాది మామా. యాడ తెచ్చి చెప్పేది?"

"ఈ పేరు పక్కన మొగుడి పేరు మర్చిపోయినావు."

"నేను మర్చిపోలే. నేనే అడిగినా, ఈ చెల్లెలికి పెండ్లి కాలేదామ్మా అని. ఏమీ రాయొద్దు, ఖాళీగా వదిలెయ్ అనింది."

"ఆ చెల్లెలి మొగుణ్ణి నేనే."

చాంద్ బాషా నన్ను చూశాడు, రాయిని చూశాడు. తల గోక్కున్నాడు.

"మీ ఇంటి మాట నాకెందుకులే మామా," అన్నాడు. "చాయ్ తాగుతావా?"

నేను తాగలేదు. సమాధి రాయి మాట కూడా ఎత్తలేదు. వచ్చేశాను.

మా వదిన సంగతి చెప్పాలి. ఆమెను పెళ్ళిపీటల మీద నుంచి ఒకసారి లేపారు. అది వేముల సంబంధానికి ముందు. తాళి కట్టబోయేముందు ఎవరో ముసలాయన వచ్చి, పిల్లా పిల్లోడూ అన్నాచెల్లెళ్ళ వరస అవుతారు, వీళ్ళ తాతలు దాయాదులు అన్నాడు. పెళ్ళి ఆగిపోయింది. వండిన అన్నం పంచిపెట్టారు. ఆ తర్వాత ఆమెను వేములలో ఇచ్చారు. ఆయన జ్వరం వచ్చి చిన్నవయసులోనే పోయాడు. కొడుకు వివేక్‌ను పెంచి చీనీకాయల తోటలో నిలబెట్టి, ఇప్పుడు అతనితోనే పులివెందులలో ఉంటుంది. పీటల మీద నుంచి లేచిన నాటి కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఆమె అందరి తాతల మీద తీర్చుకుంది. నేను అట్లానే అనుకుంటాను. జనం వేరే రకంగా చెబుతారు. ఆమె లేకపోతే ఈ దిక్కు సగం పెళ్ళిళ్ళు తప్పువరసలో అయ్యేవని చెబుతారు.

ఆమె పద్ధతి ఒకటే. ఏ ఊరైనా పోతుంది. అరుగు మీద కూర్చుంటుంది. నీళ్ళు తాగుతుంది. "మీ ఇంట్లో ఏది అచ్చిరాదు?" అని అడుగుతుంది. మా దిక్కు ప్రతి ఇంటికీ అచ్చిరానిది ఒకటి ఉంటుంది. కొందరు సొరపాదు పెట్టరు. కొందరు తెల్లకోడిని సాకరు. కొందరు పురిటింట్లో నల్లగాజులు వేయరు. ఎందుకని అడిగితే చెప్పలేరు, కానీ మానరు. ఊరు మారితే ఇంటిపేరు మారుతుంది, అచ్చిరానిది మాత్రం మారదని ఆమె నమ్మకం. అచ్చిరానిది ఒకటే అయిన రెండు ఇళ్ళు ఎప్పుడో ఒకే ఇల్లు. అక్కడి నుంచి సమాధులు చూస్తుంది, ముసలివాళ్ళను అడుగుతుంది. రెండు నోళ్ళు చెప్పనిదే ఏదీ నమ్మదు. వేముల దగ్గర కంకర మిల్లు వాళ్ళు వీరగల్లును, ఎప్పుడో యుద్ధంలో పోయిన వీరుడి పేరున నిలబెట్టిన రాయిని, పగలగొట్టబోతే దానికి వీపు ఆనించి కూర్చుందట. చాటున అందరూ ఆమెను అచ్చిరాని భారతమ్మ అంటారు. ఆమెకు తెలుసు. ఏమీ అనదు.

నాకూ పెంచలమ్మకూ పెళ్ళి కుదిరినప్పుడు కూడా వరస చూసింది ఆమెనే. అప్పుడు తప్పు కనబడలేదు. ఇప్పుడు కనబడిందట.

మర్నాడు పులివెందుల పోయాను. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ ఉంది. నన్ను చూసి లేచింది.

"రా తమ్ముడా," అన్నది.

నేను గుమ్మం బయటే నిలబడ్డాను. పెళ్ళైన నాటి నుంచి ఆమె నన్ను మరిదీ అనే పిలిచింది.

"నేను నీకు మరిదిని," అన్నాను.

"ఎండన పడి వచ్చినావు. కూర్చో. మజ్జిగ తెస్తా."

"రాయి చూసినా."

"చాంద్ బాషా ఫోన్ చేసినాడులే. మీ మరిది చాయ్ కూడా తాగలేదమ్మా అని బాధపడినాడు."

"వాడి లెక్కలో నేను నీ మరిదినే. నీ లెక్కలోనే కాదా?"

ఆమె మజ్జిగ తెచ్చింది. కరివేపాకు, ఉప్పు వేసి పెద్ద చెంబు నిండా తెచ్చింది. మరిదిగా ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో నాకు గ్లాసు మాత్రమే దొరికింది. 

"మీ ఇంట్లో గుమ్మడి అచ్చిరాదు," అన్నది. "మా పుట్టింట్లో గుమ్మడి అచ్చిరాదు."

"అయితే?"

"పోయినేడు ఉగాది ముందర చెల్లెలు మంచాన పడితే నేను మీ ఇంట్లో ఉంటి కదా. మీ పక్కింటి రిహానా గుమ్మడికాయ కూర తెచ్చింది. నువ్వు ఏమంటివి? మా అమ్మ కాలం నుంచి మా ఇంటికి గుమ్మడి అచ్చిరాదు, తీసుకపో అంటివి. నా చెవులతో విన్నా."

"అన్నా. అది మా ఇంటి ఆచారం."

"మా ఇంటి ఆచారం కూడా. ఈ జిల్లాలో గుమ్మడి మానింది ఒక్క మా వంశమే. ముగ్గురు అన్నదమ్ములు. ఇద్దరి సంతతి నాకు తెలుసు. మూడోవాడు మైలవరం దిక్కు పోయినాడు. ఆయన బిడ్డలు ఏమైనారో తెలియక శానా ఏండ్లు తిరిగినా. మీ పాతూరు ఆడనే కదా ఉండేది, ఆనకట్ట నీళ్ళ కింద."

"పెంచలమ్మ వచ్చినప్పుడు ఎందుకు తెలియలేదు ఇది?"

"యాడ తెలుస్తాది? వేరే ఇంటి పిల్ల అయితే అత్త మొదటిరోజే చెప్తాది, మా ఇంట్లో ఇది వండొద్దని. నా చెల్లెలు పుట్టినప్పటి నుంచీ గుమ్మడి ముట్టలేదు. మీ అమ్మకు చెప్పే పని పడలేదు. దానికి అడిగే పని పడలేదు. రెండిండ్లదీ ఒకటే కాబట్టే ఎవురికీ కనపడలేదు."

నేను చెంబు కింద పెట్టాను. ఆమె చెప్పింది తప్పని అనడానికి నాకు ఏదీ దొరకలేదు. మా ఇల్లు కట్టినప్పుడు అందరూ గుమ్మడికాయ కొట్టమంటే మా నాయన టెంకాయ కొట్టాడు. పెంచలమ్మ పక్కనే ఉంది. టెంకాయ చేతికి అందించింది ఆమెనే.

"గుమ్మడికాయ కోసం నా పెండ్లి తీసేస్తావా?" అన్నాను.

"నేను తీసెయ్యలేదప్పా. రాయలేదు, అంతే. దాయాదుల మధ్య పెండ్లి ఉండదు. ఉండనిదాన్ని నేను ఎట్ల రాస్తా?"

"ఇన్నేండ్లు కాపురం చేసినాము."

"చేసినారు." చింతగింజ ఒకటి చేతిలో తిప్పింది. "కడుపు పండకపోయింది కూడా అందుకేనేమో."

ఈ మాట ఆమె కోపంగా అనలేదు. జాలిగా అన్నది. అందుకే నేను క్షమించలేదు.

మాకు పిల్లలు లేరు. నా తర్వాత పెంచలమ్మ ఎవరి భార్య అని చెప్పేవాళ్ళు ఉండరు. ఆ పలక మీద నాకు చోటు కావాల్సింది అందుకే. వేరే ఏ కాగితం మీదా ఆమె పేరు, నా పేరు ఒకచోట మిగలవు.

లేవబోతూ ఒక మాట గుర్తొచ్చి ఆగాను.

"ఈ సంగతి పెంచలమ్మతో చెప్పినావా?"

ఆమె కొంగు సర్దుకుంది.

"చెప్పినా."

"ఏమనింది?"

"అది అడగొద్దు. మాట ఇచ్చినా."

బస్సులో ముద్దనూరు దాటే వరకూ నాకు ఏ ఆలోచనా రాలేదు. తర్వాత ఒకటే ఆలోచన. చివరి రోజుల్లో పెంచలమ్మ నా చేతి నీళ్ళు తాగలేదు. నేను తలదువ్వబోతే తల పక్కకు తిప్పింది. ఒళ్ళు తుడవడానికి నన్ను బయటికి పంపి రిహానాను పిలిపించుకునేది. జబ్బు మనిషి, చిరాకు అనుకున్నాను. ఇప్పుడు వేరే రకంగా కనబడింది. తోడబుట్టినవాడి వరస అయ్యేవాడితో కాపురం చేశానని నమ్మి చచ్చిపోయిందా? చివరి నెలల్లో నా ముఖం చూసినప్పుడు ఆమెకు ఎవరు కనబడ్డారు?

ఇంటికి పోగానే పక్కింటి తలుపు కొట్టాను. రిహానా భర్త కువైట్‌లో డ్రైవరు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

"రిహానా, మీ పెద్దమ్మ చివర్లో నన్నెందుకు దగ్గరికి రానీలేదు? నీతో ఏమన్నా అనిందా?"

"ఇప్పుడేంది పెదనాయనా ఈ మాట?"

"చెప్పు."

"నీ చేయి మొరటుది, దువ్వితే నొప్పి పుడతాది అనేది. ఇంగేమీ అనలే."

"నీళ్ళు కూడా నీ చేతితోనే తాగింది."

"నువ్వు చెంబుతో పోస్తాండావని. నేను చెంచాతో పోసేదాన్ని." ఆమె మిషను తొక్కడం ఆపింది. "ఒకరోజు మాత్రం ఏడ్చింది. ఎందుకు పెద్దమ్మా అంటే, ఆయనకు ఎవురు వండి పెడతారు అనింది."

అది భార్య మాత్రమే అనే మాటేనా, చెల్లెలు కూడా అనగలిగే మాటేనా? నేను అడగలేదు. రిహానాకు తెలియదు. నాకూ తెలియదు.

ఆ వారమంతా మా నాయన మాటలు గుర్తు చేసుకోవాలని చూశాను. ఆయన తన నాయన గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. తాత సమాధి పాతూరి చేనులో ఉందని చెప్పేవాడు. ఆ చేను మీద ఇప్పుడు నీళ్ళు ఉన్నాయి. ఆ ఊరివాళ్ళు తలా ఒక దిక్కు పోయారు. ముసలివాళ్ళు ఎవరూ మిగల్లేదు.

వారం తర్వాత మా వదినే ప్రొద్దుటూరు వచ్చింది. ఒక్కతే వచ్చింది. చేతిసంచి మంచం మీద పెట్టింది. పెంచలమ్మ ఫోటో వంక చూసి, నా వంక చూసింది. ఈసారి నన్ను ఏమనీ పిలవలేదు.

"నేను చెల్లెలికి మాట ఇచ్చినా," అన్నది. "ఆ మాట తప్పేదానికే వచ్చినా."

"ఎందుకు తప్పడం? ఉంచుకో."

"నువ్వు లేస్తా లేస్తా అడిగితివి చూడు, చెప్పినావా అని. అప్పుడు నీ ముఖం చూసినా. అది నిన్ను అసహ్యించుకొని పోయిందని నువ్వు అనుకుంటాండావు. అట్ల అనుకోనిస్తే పాపం నాకు."

ఆమె చెప్పింది.

ఉగాది ముందర ఆమె గుమ్మడి సంగతి చెల్లెలికి చెప్పిందట. పెంచలమ్మ ముందు నవ్విందట. తర్వాత, తలుపు వేసి రా అన్నదట. మా అమ్మ చనిపోయే ముందు కోడలైన పెంచలమ్మకు ఒక మాట చెప్పిందట. మా తాత ఆ ఇంటి కొడుకు కాదు, ఇల్లరికం వచ్చిన అల్లుడు. మూడోవాడి ఇంట్లో చివరికి ఒక్క ఆడపిల్లే మిగిలితే, ఆమెకు మొగుడిగా వేరే ఇంటి నుంచి వచ్చాడు. ఆమెను చేసుకున్నాడు, ఆ పొలం చేసుకున్నాడు, ఆ ఇంటికి అచ్చిరానిది తనూ మానాడు.

"అట్లయితే మీ తాత దిక్కున నీ రక్తం వేరే ఇంటిది," అన్నది వదిన. "అచ్చిరానిది ఇంటితో వచ్చింది, రక్తంతో రాలేదు. మీ పెండ్లి సరైన వరసే."

మా దిక్కు ఇల్లరికపోడు అంటే అత్తగారి గడప కుక్క అని అర్థం. ఒకసారి జమ్మలమడుగు బస్టాండులో ఎవరో మా నాయనను ఇల్లరికపోళ్ళ కొడుకా అన్నాడు. మా నాయన చెప్పు తీశాడు. నేను చిన్నవాడిని, పక్కనే ఉన్నాను. ఆ మనిషి అబద్ధం చెప్పాడని కోపం వచ్చిందో, నిజం చెప్పాడని వచ్చిందో నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడూ తెలియదు.

"ఇది ముందే ఎందుకు రాయలేదు?" అన్నాను.

"చెల్లెలే రాయొద్దనింది. మా మామ ఆ మాటకే మనిషిని కొట్టినాడు, ఈయన కూడా ఆ మాట పడలేడు, ఇల్లరికం అని రాళ్ళ మీద ఎక్కించి ఈయనను నలుగురిలో తలదించుకునేట్ల చేయొద్దక్కా, దానికంటే నా పేరు పక్కన ఏమీ రాయొద్దు అనింది. నాకు పెండ్లి కాలేదని అనుకున్నా పర్వాలేదు అనింది."

"అనిందా?"

"అనింది. కానీ నేను నమ్మలేదు."

"ఎందుకు నమ్మలేదు?"

"నీ కోసం నా చెల్లెలు ఏమైనా అల్లి చెప్తాదప్పా. మంచాన ఉండి కూడా చెప్తాది. నేను ఇట్ల అన్నానని నీకు తెలిస్తే నువ్వు ఏమైపోతావో అని చెప్పుంటాది. మీ అమ్మ అనిందని అది అనింది. ఇద్దరూ లేరు. ఒక నోటి మాట నేను రాయి మీద కొట్టించను. ఎవురికీ కొట్టించలేదు, నా సొంత చెల్లెలికి ఎట్ల కొట్టిస్తా?"

"అయితే నన్నేం చేయమంటావు?"

"మీ ఇంటికి ఇప్పుడు పెద్ద నువ్వు. వచ్చే ఆదివారం వేములలో మా పుట్టింటి దేవర చౌడమ్మ ముందు రాయి నిలబెడతాము. మా వంశమంతా వస్తాది. నీకు తెలిస్తే కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి చెప్పు. రాస్తా. తెలియకపోతే తెలియదని చెప్పు. ఖాళీగా ఉంటాది."

"నాకు తెలియదు వదినా."

"తెలియదంటే తెలియదనే చెప్పు," అన్నది. "నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు. అది రెండో నోరు కాదు."

అన్నం తినమన్నాను. తిన్నది. నేను వండిన పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పి మరీ తిన్నది. బస్టాండు దాకా తోడు పోయాను. 

ఆ రోజుల్లో నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. పెంచలమ్మ నిజం చెప్పి ఉంటే, ఆమె మా ఇంటి గుట్టు కాపాడడానికి తన పెళ్ళి వదులుకుంది. నన్ను అడగకుండా వదులుకుంది. అల్లి చెప్పి ఉంటే, తన అక్క మాటే నిజమని ఆమెకు అనుమానం ఉంది. ఏది అయినా నాతో చెప్పకుండానే పోయింది. ఒకసారి ఆమె మీద జాలి వచ్చేది. ఒకసారి పళ్ళు కొరికేవాడిని. నా తాతకు అన్యాయం చేయాలా, నా భార్యకు అన్యాయం చేయాలా? ఒకాయన ముఖం నేను చూడనే లేదు. ఇంకొకామె ముఖం చూడకుండా ఒక పొద్దు గడపలేదు.

ఆదివారం వేముల పోయాను. ఊరి బయట చౌడమ్మ గుడి. గోడ పక్కన గుంత తీసి, సిమెంటు కలిపి, పలకను నిలబెట్టారు. చాంద్ బాషా ఉలి సంచితో వచ్చి నీడలో కూర్చున్నాడు. చివరి నిమిషంలో ఏదైనా మార్పు ఉంటే కొట్టడానికి వదినే రమ్మన్నదట. అరటి తోటల వాళ్ళు, చీనీ తోటల వాళ్ళు, కార్లలో వచ్చినవాళ్ళు ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుంటున్నారు. ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు.

వదిన వాళ్ళ చిన్నాయన కొడుకు నాగేంద్ర నన్ను ముందు చూశాడు. నోరు ఊరుకోని మనిషి.

"రా బావా. ఇంతకీ బావా అనాల్నా, అన్నా అనాల్నా? భారతక్క చెప్పేదాకా నేను దేనికీ కట్టుబడను."

పక్కనవాళ్ళు నవ్వారు.

"నోరు మూసుకో," అన్నాను.

"అట్ల అన్నావంటే బావవే."

వదిన తమలపాకు మీద కర్పూరం వెలిగించింది. అందరూ దగ్గరికి వచ్చారు. ఆమె గొంతు పెద్దది కాదు, కానీ అందరికీ వినబడింది.

"మూడోవాడి సంతతి ఎవురో నాకు తెలియలేదు. పెంచలమ్మ పక్కన ఖాళీ ఎందుకుందని మీరు అడుగుతాండారు. చెప్పాల్సిన మనిషి ఈడ ఉన్నాడు. తెలిసింది చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పు."

నేను ముందుకు వచ్చాను. కర్పూరం మీద అరచేయి పెట్టి ఆర్పాను. కాలింది.

"మా తాత ఇల్లరికం," అన్నాను. "ఈ మూడో ఇంటి కూతుర్ని చేసుకొని ఈ ఇంట్లో ఉన్నాడు. నేను ఆయన మనవణ్ణి. పెంచలమ్మ నా పెండ్లాం."

ఫోటోలు తీస్తున్నవాళ్ళు ఫోన్లు దించారు. 

"నీకు ఎవురు చెప్పినారు?" అన్నది వదిన.

"మా అమ్మ."

"ఎప్పుడు?"

"పోయేముందు."

మా అమ్మ నాతో అట్లాంటి మాట ఎప్పుడూ అనలేదు. వదినకు ఆ సంగతి తెలుసు. నాకు ఎవరు చెప్పారో, ఎక్కడ కూర్చుని చెప్పారో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. వీరగల్లుకు వీపు ఆనించి కూర్చున్న మనిషి. ఒక్క మాటతో నన్ను ఆపగలదు. ఆమె నా అరచేయి చూసింది. నా ముఖం చూసింది. చాలాసేపు అట్లానే నిలబడింది. ఎండలో ఆమె తల కొంచెం వణికింది.

"రెండు నోళ్ళు అయినాయి," అన్నది చివరికి. "కొట్టు నాయనా."

చాంద్ బాషా రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. సుద్దతో ముందు పెంచలమ్మ పక్కన నా పేరు రాశాడు. తర్వాత మూడోవాడి కింద గీత గీసి, మా అవ్వ పేరు, పక్కన తాత పేరు అడిగి రాశాడు. నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"ఇల్లరికం అనే మాట కూడా కొట్టాల్నా మామా? పేరు ఒక్కటే కొట్టినా సరిపోతాదేమో."

"కొట్టు," అన్నాను.

ఉలి శబ్దం మొదలైంది. వెనక నుంచి నాగేంద్ర గొంతు వినబడింది. "మరి ఆ రోజు బస్టాండులో ఆ పెద్దాయన చెప్పు తీసింది ఉత్తదేనా? తన్నులు తిన్నోడు బతికుంటే పిలిచి మర్యాద చేయాల." ఒకరిద్దరు నవ్వారు. నేను వెనక్కి తిరగలేదు. మా నాయన అయితే తిరిగేవాడు.

పొంగలి వడ్డించేటప్పుడు వదిన ఆకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"తిని పో మరిదీ," అన్నది.

ఆకు అందుకోలేదు. బస్సుకు టైం అయిందని చెప్పి వచ్చేశాను.

నేను చెప్పింది నిజమైతే మా తాత పరువు తీశాను. అబద్ధమైతే దేవర ముందు అబద్ధమాడాను, పైగా నాకు చెల్లెలి వరసైన మనిషి పక్కన మొగుడిగా నా పేరు చెక్కించాను. మా వదిన తను నమ్మనిదాన్ని రాయి మీద ఉంచింది. అది నా మీద జాలో, చెల్లెలి మీద ప్రేమో, ముసలితనమో నాకు తెలియదు. ఆమెను క్షమించలేదు. నాతో చెప్పకుండా పోయినదాన్ని కూడా క్షమించలేదు. ఆ రాయి చదివి నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికే మొదలయ్యారు. వాళ్ళకు చెప్పే పని లేకుండా ఇది ఒక్కసారి రాసి పెట్టాను. ఈ మాట నేను మళ్ళీ ఎత్తను. ఎవరు అడిగినా నోరు తెరవను.